కుట్టు డబ్బులు

“పొద్దున్నే సూదిలోకి దారం ఎక్కనంటోంది. మూడుసార్లు జారింది. ఇవాళ ఈ ఇంట్లో ఏదో జరుగుతుంది, చూస్తూ ఉండండి,” అంది అమ్మ. అప్పటికింకా ఏమీ జరగలేదు.

నాన్న బూట్ల లేసు కట్టుకుంటూ నవ్వాడు. ఆయన లిఫ్టు మెకానిక్. “జరిగేదేముంది, నీకు కళ్ళద్దాలు వస్తాయి. మన ఇంట్లో రేడియో ఎందుకు చెప్పు, తుఫాను హెచ్చరికలన్నీ నువ్వే ఇస్తుంటే.”

ముందుగదిలో కిటికీ పక్కన ఇరవై ఏళ్ళ నాటి కుట్టుమిషను, దాని చుట్టూ నీలం రంగు బడి యూనిఫారాల గుట్టలు. భోజనాల బల్ల నిండా కూతురు సన్నటి కర్రపుల్లలతో కట్టిన వంతెన. మూడు వారాలుగా ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు.

బల్ల మీద కూతురి ఫోను గుర్రుమంది. ఆ అదురుకి వంతెన ఎక్కడ కూలుతుందోనని అమ్మ చటుక్కున ఫోను తీసింది. కంట పడ్డ నాలుగు మాటలూ చదివింది. క్రెడిట్ కార్డు దరఖాస్తు విషయమై ఒకసారి బ్యాంకుకు రమ్మన్నారు.

తల తుడుచుకుంటూ బయటికొచ్చిన కూతురికి ఆ ఫోను చూపించింది. “ఏమిటే ఇది?”

“కార్డు కోసం అప్లై చేశానమ్మా. నీకు చెబుదామనే అనుకున్నా.”

“ఎప్పుడు? బ్యాంకువాళ్ళు వచ్చి తలుపు తట్టాకా?”

“వంతెనల పోటీకి కాలేజీ మొత్తం మీద నన్నొక్కదాన్నే ఎంపిక చేశారు కదా. ఆ ఊళ్ళో గది బుక్ చేయాలంటే క్రెడిట్ కార్డే కావాలట, అదీ దిగేవాళ్ళ పేరు మీదే ఉండాలట. నెలాఖరు దాటితే గదులుండవు.”

“నాన్నని అడగొచ్చుగా.”

“నాకెక్కడిది?” అన్నాడు నాన్న. “మీ అమ్మ ఆ కార్డుని గుమ్మం తొక్కనిస్తేగా.”

“ఎలా తొక్కనిస్తానండీ? మా తమ్ముడు కార్డు గీకి సోఫా కొన్నాడు. స్ప్రింగులు బయటికొచ్చి కూర్చున్నవాళ్ళని పొడుస్తున్నా కిస్తీలు మాత్రం ఆగలేదు. చివరికి అవి కట్టలేక సోఫాతో పాటు వాడి స్కూటరు కూడా పోయింది.”

“నేను రోజూ లిఫ్టు తాడు పట్టుకుని వేలాడుతుంటే రాని భయం, అరచేతిలో పట్టే కార్డంటేనా?”

“తాడు కంటికి కనిపిస్తుంది. అప్పు కనిపించదు.” అమ్మ కూతురి వైపు తిరిగింది. “అయినా నీకు సంపాదన ఎక్కడిదే? పైసా సంపాదన లేనివాళ్ళకి అప్పెందుకు?”

కూతురి ముఖం చిన్నబోయింది. “సరేలే. నేను వెళ్ళకపోతే ఈ వంతెన నీ యూనిఫారాలు ఆరేసుకోడానికి పనికొస్తుంది.” అంతే, టిఫిను ముట్టకుండా సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ ఖాళీ కంచం చూస్తూ అమ్మ పది నిమిషాలు కూర్చుంది. ఆ పది నిమిషాల్లోనే కార్డు రావడం, కూతురు వాడటం, ఇల్లు వేలం వేయడం అన్నీ ఆమె కళ్ళ ముందు జరిగిపోయాయి. అది అద్దె ఇల్లన్న సంగతి బ్యాంకు మెట్లెక్కుతుండగా గుర్తొచ్చింది.

కౌంటర్లో కూర్చున్న ఆఫీసరమ్మ చిన్నపిల్లే. ఆమె కోటు చేతి అంచు ఊడిపోతే స్టేప్లరు పిన్ను కొట్టుకుంది. గుడ్డకి స్టేప్లరు పిన్ను చూసేసరికి అమ్మకి ఒళ్ళు జలదరించింది.

“మా అమ్మాయికి కార్డు ఇవ్వకండమ్మా. అది చెప్పడానికే వచ్చాను.”

“ఒకరి దరఖాస్తు గురించి ఇంకొకరితో మాట్లాడకూడదండీ.”

“నేను ఇంకొకరినా? కన్నతల్లిని.”

“కన్నతల్లితో కూడా మాట్లాడకూడదండీ.”

వెనక నుంచి ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. అమ్మ తిరిగి చూసింది. కూతురు.

“నన్ను ఆపడానికి ఇక్కడిదాకా వచ్చావా అమ్మా?”

“నీ మంచికే…”

“నాకు ఏది మంచో ఒక్కసారైనా నన్ను అడిగావా?” గొంతు పెంచలేదు గానీ కూతురి కళ్ళు నిండాయి. ఆఫీసరమ్మ వైపు తిరిగింది. “చెప్పండి మేడమ్. అమ్మ ఉన్నా పర్వాలేదు.”

“మీకు ఆదాయం లేదు కాబట్టి మీ పేరు మీద నేరుగా ఇవ్వలేమండీ. మీ ఇంట్లో సంపాదించేవాళ్ళెవరైనా కార్డు తీసుకుంటే, దాని కింద మీకొకటి ఇవ్వొచ్చు. దాని మీద మీ పేరే ఉంటుంది.”

అమ్మ కోరుకున్నది అడగకుండానే జరిగిపోయింది. సంతోషం మాత్రం రాలేదు. కూతురు వేళ్ళ మీద ఎండిపోయిన వంతెన జిగురుని గోటితో గీకుతూ నిలబడింది. చిన్నప్పుడు ఏడుపు ఆపుకోడానికి కూడా ఇలాగే వేళ్ళు గిల్లుకునేది.

“వాళ్ళ నాన్న జీతం వేరే బ్యాంకులో పడుతుందమ్మా,” అంది అమ్మ నెమ్మదిగా. “నెలాఖరులోగా అవుతుందా?”

“కష్టమేనండీ. మీకు మా దగ్గర ఖాతా ఉందా?”

“ఉంది. కానీ నాకు సంపాదన లేదు.”

ఆఫీసరమ్మ ఖాతా నంబరు అడిగి కొట్టి తెర వైపు చూసింది. “మరి పదకొండేళ్ళుగా ప్రతి నెలా బడి నుంచి పడుతున్న ఈ డబ్బు?”

“అది సంపాదన కాదండీ, కుట్టు డబ్బులు.”

కూతురు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. “అమ్మా, నా మొదటి ఏడాది ఫీజు ఎక్కడిది?”

“కుట్టు డబ్బుల్లోదేగా.”

“నాన్న కాలు విరిగి నాలుగు నెలలు ఇంట్లో ఉన్నప్పుడు?”

అమ్మ ఒళ్ళోని సంచి సర్దుకుంది.

“కాలేజీ ఫారంలో తల్లి ఆదాయం ‘లేదు’ అని రాశాను. నువ్వు అలాగే చెప్పావు, నేనూ అలాగే రాసేశాను. మిషను చప్పుడు వింటూనే రాశానమ్మా.” కూతురు అమ్మ చెయ్యి పట్టుకుంది. సూదిపోట్లతో గట్టిపడిన వేలికొసలు, జిగురు అంటిన వేళ్ళు ఒకదానిలో ఒకటి ఇరుక్కున్నాయి.

“కార్డు మీకే ఇవ్వొచ్చండీ,” అంది ఆఫీసరమ్మ. “దాని కింద అమ్మాయికొకటి. తను ఎంతవరకు వాడొచ్చో మీరే చెప్పొచ్చు.”

“నేనేనా?” అమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. “తను వాడినప్పుడల్లా నాకు తెలుస్తుందా?”

“అప్పటికప్పుడే మీ ఫోనుకి వస్తుంది.”

పొద్దుటి నుంచి ముడుచుకుని ఉన్న అమ్మ ముఖం వెలిగిపోయింది.

“అయిపోయింది,” అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ. “ఇక నేను టీ తాగినా ఫోను చేసి, ఎందుకు తాగావే అంటుంది.”

“రెండోది తాగితే అంటాను.” అమ్మ సంచిలోంచి సూది దారం తీసింది. “ఏమ్మా, ముందు ఆ చెయ్యి ఇటివ్వు. ఆ పిన్ను చూడలేకపోతున్నాను.”

దారం ఒక్కసారికే ఎక్కింది. కుడిచేత్తో ఫారం నింపుతూ ఆఫీసరమ్మ ఎడమచెయ్యి బల్ల మీద చాపింది. అంచు మీద కుట్లు చీమలబారులా సాగాయి.

“వృత్తి అన్నచోట ఏం రాయమంటారండీ?”

సూది ఆగిపోయింది. ‘ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటాను’ అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చి ఆగింది. పైన ఫ్యాను తిరుగుతోంది. పక్క కౌంటర్లో ఒక టోకెను పిలిచారు, ఇంకొకటీ పిలిచారు. ఆఫీసరమ్మ పెన్ను పట్టుకుని ఎదురు చూస్తోంది. కూతురు పెదవి దాకా వచ్చిన మాటని అక్కడే ఆపుకుంది. అందించలేదు.

అమ్మ చివరి కుట్టు వేసి, ముడి బిగించి, దారం పంటితో తెంపింది.

“టైలర్‌ని,” అంది. “ఇరవై ఏళ్ళ నుంచి.”