కింది కొట్టు దాకా వచ్చే పాట

"అది పేలితే?" అన్నాను.

మా వాడు అప్పటికింకా దాన్ని కరెంటుకు తగిలించనే లేదు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద నల్ల డబ్బా, దానికో జానెడు తీగ.

"పేలదమ్మా. ఫోన్లో ఇంటర్నెట్ నుంచి వచ్చే పాటని ఇది రేడియోకి అందిస్తుంది. అంతే."

"పోలీసులొస్తే?"

"దీని బలం మన ఇంటివరకే. ఎవరూ రారు."

"వస్తే?"

"టీ పెట్టి ఇద్దువుగాని."

వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. తీగలతో మాట్లాడినంత బాగా మనుషులతో మాట్లాడలేడు. ఈ డబ్బా మా అత్తయ్య, అంటే వాడి నానమ్మ కోసం. ఆవిడకి నచ్చే పాత పాటలు ఇప్పుడు రేడియోలో రావు, ఫోన్లోనే దొరుకుతాయి. ఫోనేమో ఆవిడ ముట్టుకోరు. "బొమ్మలు కదులుతుంటే పాట చెవికెక్కదు" అంటారు.

వాడు స్విచ్ వేశాడు. వంటింటి గూట్లోని పాత రేడియో ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు గరగరలాడి పాట అందుకుంది. ఎక్కడెక్కడో దాచిపెట్టిన పాట, మా పోపుల డబ్బా పక్కన కూర్చుని పాడుతోంది. నా భయం కాసేపు నన్ను వదిలేసింది. ఇంత తెలివి వీడికి ఎక్కడినుంచి వచ్చిందా అని వాడి వేళ్లకేసే చూస్తుండిపోయాను.

మర్నాడు తలుపు చప్పుడైంది. కింద కుట్టు కొట్టు నడిపే అమ్మాయి. మెడలో టేపు, చేతిలో ఓ చొక్కా.

"రేడియో స్టేషన్ పెట్టింది మీ ఇంట్లోనేనా అండీ?"

అనుకున్నంతా అయింది.

"నేను వార్తలు వింటూ కాలరు కుడుతున్నాను. వార్తలు చదివే ఆయన సగంలో ఆగి ప్రేమపాట ఎత్తుకున్నాడు. నా చెయ్యి తడబడి కాలరు తిరగేసి కుట్టేశాను."

"సారీ అండీ," అన్నాడు మా వాడు. "రేడియోలో ఏ స్టేషనూ రాని ఖాళీ నంబరుకి మార్చేస్తాను."

"కాలరు ఎవరు విప్పుతారు?"

"నాకు లిఫ్టులు విప్పడమే వచ్చండీ."

ఆ పిల్ల నవ్వు ఆపుకోవడానికి పిన్ను పెదాల మధ్య పెట్టుకుంది. నాకు అదీ భయమే. మింగితే?

వాడు మాట ప్రకారం నంబరు మార్చాడు. అయినా మర్నాడు కిటికీ దగ్గర గిన్నెలు కడుగుతుంటే కింద నుంచి మా పాటే వినిపించింది. మా రేడియోలో ఏ మాట వస్తే అక్కడా అదే మాట. అంటే ఆ పిల్ల ముల్లు తిప్పి తిప్పి, వెతుక్కుని మరీ పట్టుకుందన్నమాట.

అప్పట్నుంచి వీడు స్టేషన్ మాస్టరయ్యాడు.

"స్టేషన్ మాస్టారూ, ఇందాకటిది మళ్లీ వెయ్యండి," అని కిందనుంచి కేక. ఓరోజు చినుకులు మొదలయ్యాయి. "వానకి తగ్గ పాట లేదా?"

"వాన పాడుతోంది కదండీ, అందుకే నేను ఆపేశాను," అన్నాడు వీడు కిటికీలోంచి.

అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వీడికి మాటలొచ్చు.

అంతలో కొట్టు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. కొత్త కొట్టు మార్కెట్ అవతల.

"అంతదూరం మీ పాట రాదేమో," అంది ఆ పిల్ల మెట్ల మీద నిలబడి.

"రాదండీ," అన్నాడు. అంతే. ఇంకో ముక్క లేదు.

పైగా కూర్చుని ఆ పిల్లకీ ఓ డబ్బా చేసిపెట్టాడు. అదే నంబరు. కిందికెళ్లి ఎలా వాడాలో చూపించాడు. "మీ ఫోన్లో పాట మీ రేడియోలో వస్తుంది. ఫోన్లో మాట్లాడినా వస్తుంది."

"అయితే ఇక మీతో పనిలేదన్నమాట," అని ఆ పిల్ల డబ్బా అందుకుందట.

"ఒరేయ్," అన్నాను నేను, "ఆ పిల్లకి నీతో ఉన్న ఒక్క పనీ నువ్వే తీసేశావు కదరా."

వాడి మొహం పాలిపోయింది.

కొట్టు సర్దుతున్న సాయంత్రం జోరువాన. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. కింద మిషను మాత్రం ఆఖరి చొక్కా కుడుతోంది, దాని అదురు మా నేలకి తెలుస్తోంది. వాడు పాట ఆపి ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"కింది కొట్టు వారికి... ఇది పాట కాదండీ. మీరు వెళ్లిపోతే పాటలు ఎవరికోసం వెయ్యాలో నాకు తెలియదు. నానమ్మ ఉందనుకోండి—"

"నన్నెందుకురా మధ్యలో," అన్నారు అత్తయ్య.

"మీకిష్టమైతే పెళ్లి చేసుకుందాం. ఇష్టం లేకపోతే ఏదో ఒక పాట అడగండి చాలు. నాకర్థమైపోతుంది."

కింద మిషను ఆగిపోయింది.

వాన తప్ప ఇంకే శబ్దమూ లేదు. టీ చల్లారి మీగడ కట్టింది. కోపమొచ్చిందేమో. ఏడుస్తోందేమో. మనుషుల్ని వెంటేసుకుని వస్తుందేమో. వాడు ఫోను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అంత చిన్నగా వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

అత్తయ్య రేడియోకి చెవి ఆనించారు. "గరగర కూడా లేదేమిట్రా?"

"నా డబ్బా ఆన్‌లో ఉంది కదా నానమ్మా. అదుండగా ఈ నంబరులో ఇంకెవరు మాట్లాడినా మనకి—"

ఆగిపోయాడు.

"మరి ఆ పిల్లకీ ఒకటిచ్చావు కదా," అన్నారు అత్తయ్య.

వాడు ఒక్క ఊపున తన డబ్బా తీగ పీకేశాడు. రేడియో గరగరలాడింది. ఆ వెనకే గొంతు, సగం కోపం, సగం నవ్వు.

"...ఇప్పటికైనా వినిపిస్తోందా స్టేషన్ మాస్టారూ? ఇందాకట్నుంచి చెబుతూనే ఉన్నాను. నాకు ఏ పాటా వద్దు."