దావీదప్ప గారి చేతికర్ర

కొంగు నిండా నెత్తురుతో మహాదేవి ఆఫీసు మెట్లెక్కేసరికి వీరేశ్ చేతిలోని చాయ్ కప్పు జారిపోయింది. బీదర్ శివారు నౌబాద్‌లోని ఆ డిటెక్టివ్ ఆఫీసు హేబ్సిబాది. వీరేశ్ ఆమె సహాయకుడు.

"ఈ నెత్తురు నాది గాదన్నా," అంది మహాదేవి. "మా ఆయన సంగయ్య చేతులు తుడిచిన. ఆయన్ని పట్కపోయి స్టేషన్ల అరికాళ్ళ మీద కొడ్తుండ్రు. కేకలు రోడ్డు మీదికి ఇనొస్తున్నయి. జర కాపాడక్కా!"

హేబ్సిబా ఆమెకు మంచినీళ్ళిచ్చి సంగతి రాబట్టింది. కమఠాణలో సేద్యం చేసుకునే ఈ మొగుడూపెళ్ళాలు, రచయిత దావీదప్ప గారి ఇల్లు చూద్దామని బీదర్ వచ్చారు. ఆయన పోయాక ఆ ఇంటిని మ్యూజియం చేశారు. గేటు దగ్గరుండగానే లోపల్నుంచి చావుకేక వినబడింది. సంగయ్య లోపలి గడియ ఊడేదాకా తలుపు నెట్టి, చెప్పులతోనే లోపలికి పరుగెత్తాడు. రాసుకునే గదిలో, వచ్చినవాళ్ళకు ఇల్లు చూపించే ముసలి ఏసప్ప తల పగిలి పడి ఉన్నాడు. సంగయ్య ఆ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పోలీసులు వచ్చేసరికి ఇంకా అలాగే ఉన్నాడు. ఇంకేం కావాలి వాళ్ళకు!

"దెబ్బకు తాళే మనిషి గాదక్కా. రేపటికి చేసిన్నని ఒప్పుకుంటడు."

"అయితే ఇప్పుడే పోదాం నడువ్," అని హేబ్సిబా లేచింది.

మ్యూజియంలో ఆ రాసుకునే గది గడప మీదే వీరేశ్ ఆగాడు. నెత్తురు గోడ మీది ఫోటో దాకా చిమ్మింది. అద్దాల బీరువా బద్దలై, నేలంతా గాజు పెంకులు. అందులోని బిద్రీ పెట్టెలు, వెండి పొదిగిన బీదర్ నల్లలోహపు సామాను, లేవు. ఏసప్ప అరికాళ్ళు శుభ్రంగా ఉన్నాయని శవాన్ని ఎత్తినవాళ్ళు చెప్పారు. అయినా మడుగులోంచి బీరువా దాకా, అక్కణ్ణుంచి పెరటి తలుపు దాకా ఒట్టి పాదాల నెత్తుటి ముద్రలున్నాయి. ఒక ముద్ర మీద సంగయ్య చెప్పు గుర్తు పడింది. చెప్పు దొరికిందన్న సంబరంలో పోలీసులు కింది పాదాన్ని వదిలేశారు, మహానుభావులు!

"ఈ కర్ర వాసన చూడు," అంది హేబ్సిబా. దావీదప్ప గారి చేతికర్ర తన స్టాండులో నిటారుగా ఉంది. వెండి తీగ పొదిగిన బిద్రీ పిడి నల్లగా నిగనిగలాడుతోంది. పక్కనున్న బిద్రీ సామానంతా దుమ్ముకొట్టుకుపోయి ఉంది.

"కొబ్బరినూనె మేడం! ఇప్పుడే రాసినట్టుంది."

ఇంతలో రచయిత మనవడు పాల్ బూట్లతో గాజు పెంకుల్ని కరకరలాడిస్తూ వచ్చాడు. వెనకాలే స్మారక సంఘం అధ్యక్షుడు, రిటైర్డ్ టీచర్ ఏసురాజు. ఆయన గడప బయట చెప్పులు విడిచి, పెంకుల మధ్య చోటు వెతుక్కుంటూ కుంటుకుంటూ వచ్చాడు.

"అయ్యగారి గదిల బూట్లా? సిగ్గుండాలె!"

"మా తాత ఇల్లు. నేనెన్నడు విప్పలే," అన్నాడు పాల్.

"కాలుకేమైంది సార్?" అడిగింది హేబ్సిబా.

"నరం పట్టిందమ్మా."

"ఏసప్పతోని ఎవరికన్న పడకపోవుడు ఉందా?"

పాల్ తల గోక్కున్నాడు. "ఈ మధ్య చూడొచ్చినోళ్ళకు, మా తాత మా నాయనమ్మ సుందరాబాయిని గీ గదిలనే కొట్టేటోడని చెప్తుండె. చిన్నప్పట్నించి ఈడనే పనిజేసినోడు, కండ్లార చూసిండు. చెప్పుమని నేనే అన్న."

"అబద్ధం!" అని ఏసురాజు అరిచాడు.

హేబ్సిబా ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేసింది. పొద్దు వాలకముందే ఆయన వచ్చాడు, వెంట ఇద్దరు కానిస్టేబుళ్ళు సంగయ్యను రెక్కలు పట్టి మోసుకొచ్చారు. మహాదేవి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

"దొంగకు ముందు కావల్సింది ఈ కర్ర," అంది హేబ్సిబా. "ఇంత వెండి పనితనం ఇంకో దానికి లేదు. మరి ఇదెందుకు మిగిలింది? దీంతోనే చంపిండు గనక, వెంట తీస్కపోయి నెత్తురు కడిగిండు గనక. కడిగితే నలుపు తేలిపోయింది. అయ్యగారి కర్ర అట్ల వెలిసిపోతే ఓర్వలేక నూనె రాసి, పోలీసులు పోయినంక మళ్ళ దాని జాగలనే పెట్టిండు. పాల్ అయితే పారేస్తుండె."

పిడి మూతి తిప్పితే సందులో ఎండిన నెత్తురు కనిపించింది.

"ఇక పాదాలు. సంగయ్య చెప్పులతో వచ్చిండు. పాల్ బూట్లు విప్పడు. ఒట్టికాళ్ళతో వచ్చి, దొంగతనం అనిపించాలని బీరువా పగలగొట్టి, పెట్టెలు తీసి, ఆ పెంకుల మీద నడిచినోడెవడు? ఏసురాజు సార్, జర ఆ నరం పట్టిన కాలు చూపియ్యండి."

ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు. ఇన్‌స్పెక్టరే వంగి పాదం ఎత్తాడు. అరికాలి కట్టు నెత్తురుతో తడిసి ఉంది.

"చంపనీకె వస్తూ సుత చెప్పులు విడిచినవ్ సార్!" అంది హేబ్సిబా.

"అయ్యగారి గదికి చెప్పులతోని ఎట్లొస్తనమ్మా?" అన్నాడు ఏసురాజు. "బతిమాలిన. కాళ్ళు పట్టుకున్న. అయినా ఆ ముసలోడు నోరు మూయలే. ఈ కర్రతోనే సుందరాబాయమ్మను కొట్టేటోడు అని నా చేతికిచ్చి చూపించిండు. అదే కర్రతో కొట్టిన. లేవకుండ కొట్టిన."

పాల్ గోడకానుకుని కూలబడ్డాడు. ఏసప్ప తనను ఎత్తుకుని తిప్పిన మనిషని ఏడ్చాడు.

సంకెళ్ళు వేశాక, గాజుంది, చెప్పులేసుకొమ్మని ఇన్‌స్పెక్టర్ అంటే ఏసురాజు వినలేదు. గడప దాకా ఒట్టికాళ్ళతోనే నడిచాడు. మహాదేవి ఆయనకు అడ్డంగా నిలబడింది.

"ఈ బండలకిచ్చిన మర్యాద ఆ ముసలాయన పానానికి ఇయ్యకపోతివి. మా ఆయన్ని కొడ్తుంటె నోరు మూసుకుంటివి. థూ!"

సంగయ్య పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. మహాదేవి ఆ చెప్పుల్ని చంకన పెట్టుకుని, మొగుడి చెయ్యి తన భుజాల మీద వేసుకుంది. తన చెప్పులు మాత్రం విప్పలేదు. వాటితోనే ఆ గది నట్టనడుమ నుంచి, పెంకులు తొక్కుకుంటూ, ఆయన్ని బయటికి తీసుకుపోయింది.