ఇరానీ హోటల్లో బాలమ్మ

సదాశివ ఉప్మా తిని, టీ తాగి, పేపరు మడిచి చెప్పులు వేసుకున్నాడు. రిటైరైన నాటి నుంచీ ఆయనకు ఇదే వరస. బన్సీలాల్‌పేట్ ఇంట్లో ఒక టీ, రోడ్డు మూలమీది ఇరానీ హోటల్లో ఇంకో టీ. ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే, "ఊఁ".

ఆ సరికి భార్య బాలమ్మ పక్కింటి మోటరు కాలిపోయిన వైనం, తన మోకాలి నొప్పి, మరదలు ఫోన్లో అన్న మాట, తాను తిరిగి అన్న నాలుగు మాటలు అన్నీ చెప్పేసి ఉంటుంది. బెల్లం కొట్టిన రాయితో కాపురం చేస్తున్నానని ఆమె కనబడిన వాళ్ళందరితో అనేది. అందులో కొంచెం గర్వం కూడా లేకపోలేదు. ఎదురు మాట్లాడని మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?

ఆ గర్వాన్ని కూరగాయల బండి దగ్గర మార్త మంటగలిపింది. మార్త భర్త జీవరాజు రిటైర్డ్ టీచరు, హోటల్లో సదాశివ టేబులు దగ్గరే కూర్చుంటాడు.

"మీ సార్ ఎంత మాటకారో వదినా! మా ఆయన రోజూ నవ్వుకుంటూనే ఇంటికొస్తాడు. నిన్నయితే పొట్ట పట్టుకుని వచ్చాడు."

"ఎవరు? మా ఆయనా?"

బాలమ్మ చేతిలోని బెండకాయ పుటుక్కున విరిగింది. ఇంటికొచ్చి కోడలు హిమజ ముందు కూలబడింది. బేగంపేట ఆఫీసుకు ఆ రోజు సెలవు పెట్టుకుని, పాపం హిమజ ప్రశాంతంగా నిద్రపోదామనుకుంది.

"ఇంట్ల నోట్లె నాలుకే లేనట్టుంటడు. ఆడ మందినంత నవ్విస్తున్నడంట! నాతోని రెండు మాటలు మాట్లాడబుద్ధి గాదా హిమజా ఆయనకు? గంత పనికిరానిదాన్నా నేను?"

"రాంగానే అడుగుదాం తియ్, అత్తమ్మా."

"అడిగితే ఊఁ అంటడు. లే, పోయి చూద్దాం."

బాలమ్మ ఆ హోటల్లో ఎన్నడూ అడుగు పెట్టలేదు. పనిలేని మగవాళ్ళు కూర్చునే చోటని ఆమె లెక్క. వాళ్ళను చూడగానే వెయిటరు "ఫ్యామిలీనా? ఇట్ల రాండ్రి అమ్మా" అంటూ పక్కనున్న చిన్న గదిలో కూర్చోబెట్టి తెర లాగాడు. హిమజ ఉత్సాహంగా రెండు చాయ్, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు, రెండు సమోసాలు చెప్పింది. వచ్చిన పనేమిటని బాలమ్మ ఆమె తొడ మీద ఒక్కటిచ్చింది.

అవన్నీ టేబులు మీదికి వచ్చేసరికి తెర అవతల ఒక గొంతు లేచింది. బాలమ్మ మొదట పోల్చుకోలేదు. పోల్చుకున్నాక చేతిలోని బిస్కెట్టు చాయ్‌లో మునిగి కరిగిపోయినా చూసుకోలేదు.

"మరి మా బాలమ్మ ఊకుంటదా?" అంటున్నాడు సదాశివ.

ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా! "జూసినవా, నన్ను బజార్ల పెడుతున్నడు," అంది బాలమ్మ గుసగుసగా.

"కొత్త కుక్కర్ విజిల్ వేస్తలేదని షాపుకు పోతే, నీకే వండుడు రాదన్నడంట సేటు. ఎవలతోని? మా బాలమ్మతోని! తెల్లారి కుక్కర్ల పప్పు, నీళ్ళు పోస్కొని పోయింది. ఆడ అమ్మే పొయ్యిలల్ల ఒకటి ముట్టియ్యమని, దాని ముంగట కుర్చీ ఏస్కొని కూసున్నది. వచ్చిన గిరాకీనంత ఆపుతున్నది. 'జెర ఆగున్రి, విజిల్ వస్తదంట, ఇనిపోన్రి!'"

హోటలంతా గొల్లుమంది. జీవరాజు నవ్వి నవ్వి దగ్గుతున్నాడు. బాలమ్మ నోరు తెరిచి వింటోంది. ఈ కథ తానే మొన్న చెప్పింది. అప్పుడాయన పేపరు చాటున ఉన్నాడు. ఆ పేపరు అంగుళం కూడా కదల్లేదు. ఇప్పుడేమో తన గొంతునూ, తాను చెయ్యి తిప్పే తీరునూ పొల్లు పోకుండా దింపుతున్నాడు!

"సేటు పరేషాన్! కొత్త కుక్కర్ చేతుల పెట్టి దండం పెట్టిండు. ఇగ ఆ పెసరపప్పు..."

"పెసరపప్పు గాదు!"

తెర జర్రున పక్కకు జరిగింది. బాలమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "కందిపప్పు! పెసరపప్పుకు కుక్కరెందుకయ్యా, గిన్నెలనే ఉడుకుతది!"

జీవరాజు కుర్చీ వెనక్కి తోసి లేచి నమస్కారం పెట్టాడు. "మీరేనా చెల్లెమ్మా! రోజూ మీ కథే. ఇన్నాళ్ళకు చూశాం."

బాలమ్మ ఆయన వైపు చూడలేదు. "ఏందయ్యా, ఈడ గింత మాట్లాడుతవ్. ఇంట్ల నాతోనెందుకు మాట్లాడవ్?" అని మొగుణ్ణి నిలదీసింది.

దొంగతనం చేసి దొరికిపోయినట్టు సదాశివ తల గోక్కున్నాడు.

"ఇంట్ల నువ్వు చెప్తవ్, నేనింట. నేను సుత షురూ చేస్తే ఇనేదెవరు? నా తాన ఏం కథలున్నయే? నౌకరీ చేసినన్ని దినాలు ఫైళ్ళు సదురుకుంట కూసున్న. ఈడ చెప్పేటియన్నీ నీయే."

బాలమ్మ కళ్ళు నిండాయి. ఇన్నేళ్ళూ గోడకు చెప్పుకున్నానని ఏడ్చింది తను. ఆ గోడ ఒక్క అక్షరం కూడా జారవిడవలేదు.

"సమోసాల మిరపకాయ మస్తున్నది," అని కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆమె సమోసా ఇంకా ముట్టలేదని హిమజకు తెలుసు.

జీవరాజు కుర్చీ జరిపాడు. బాలమ్మ కూర్చుని కుక్కరు కథను మళ్ళీ మొదటి నుంచీ, కందిపప్పుతో సహా చెప్పింది. అందరూ మళ్ళీ నవ్వారు. అందరికంటే ఎక్కువ సదాశివే నవ్వాడు.

ఇంటికి వచ్చేటప్పుడు హిమజ ముందు నడుస్తోంది. బాలమ్మ ఉన్నట్టుండి ఆగింది.

"మొన్న ఆషాఢంల మా అవ్వ యాదికొచ్చి రాత్రంత ఏడ్చిన గద, ఆఖరికి ఆమెకు బుక్కెడు నీళ్ళు పొయ్యలేకపోయిన్నని. గది సుత చెప్పినవా ఆళ్ళకు?"

"చెప్పలే. గది ఆడ చెప్పేది గాదు," అన్నాడు సదాశివ.

బాలమ్మ నడక సాగించింది. సందు మలుపు తిరిగినా నోరు మెదపలేదు. సదాశివకు కంగారు పుట్టింది.

"ఏందే, ఏం మాట్లాడుతలేవ్?"

"జెర ఆగు," అంది బాలమ్మ ముక్కు చీదుకుంటూ. "ఏడుస్తున్న, కనిపిస్తలేదా?"