ఉప్పలమెరక తల్లిరాయి

మూడోసారీ అదే అంకె వచ్చింది. మల్లేశ్వరి కొలబద్దను తల్లిరాయి మీద నుంచి తీసి, అడుగున అంటిన మట్టిని చున్నీతో తుడిచింది. మళ్ళీ నిలబెట్టబోయి మానుకుంది.

“నేలమట్టం సముద్రపు పోటుగీతకు దిగువన ఉంది,” అంది మట్టకం, మట్టాల శాఖవారి లెక్కల యంత్రం, స్టాండు మీది పరికరంలోంచి. “సాయంత్రం ఉప్పలమెరక నీటిపట్టీకి మారుతుంది. ధ్రువీకరించండి.”

పోటుగీతకు దిగువన ఉందంటున్న ఆ రోడ్డు మీద ఎవరో రొయ్యపప్పు ఎండబోశారు. కోళ్ళు దాన్ని కెలుకుతూ దుమ్ము లేపుతున్నాయి. ఆ సంగతి మల్లేశ్వరి పొద్దున్నే చెప్పింది. పొడిగా కనబడటం కొలత కాదని మట్టకం జవాబిచ్చింది.

నేలపట్టీలో ఉన్నంతకాలం ఊరు ఊరే. నీటిపట్టీలోకి మారిన క్షణం నుంచి చట్టం దృష్టిలో అది సముద్రం. సముద్రానికి మంచినీటి గొట్టం ఉండదు, కరెంటు ఉండదు, ఓటరు ఉండడు. కాలువ పడవలొచ్చి మనుషుల్ని ఎగువ శిబిరాలకు తీసుకెళ్తాయి. పోయిన వానల్లో దిగువ ఊళ్ళన్నిటికీ ధ్రువీకరణ వేలిముద్ర వేసింది మల్లేశ్వరే. అప్పుడు రోడ్ల మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు.

కుళాయి దగ్గర సత్తెమ్మ బిందెలు, బకెట్లు, ఆఖరికి చేపలు పెట్టే ఐసు పెట్టె కూడా నింపుకుంటోంది. “ఏటమ్మా, ములిగిపోయామా, ఇంకా లేదా?” అని అడిగింది. “ములిగిపోయామంటే చెప్పు, పొయ్యి ఆర్పేత్తాను. అన్నం ఎలాగూ తడిసిపోద్ది కదా.”

మల్లేశ్వరి పరికరంలో శాఖవారి పాత ఫొటో తెరిచింది. ఉపగ్రహాలు తీసే ఆకాశపు కొలతల మీద రాష్ట్రాలు కోర్టుకెక్కినప్పటి నుంచి దొరలనాటి ఎత్తురాళ్ళదే తుదిమాట. ఈ కాలువకంతటికీ మొదటిది, తక్కిన రాళ్ళు తమ ఎత్తు తెచ్చుకునేది, లాకుల ఇంటి గోడలో పొదిగిన ఈ తల్లిరాయి నుంచే. ఫొటోలో తలపాగా మనిషి ఒకడు గోడలోంచి బయటికి వచ్చిన ఆ రాతి అంచు మీద దర్జాగా కాలు పెట్టి నిలబడ్డాడు. ఈ పొద్దు దాని మీద కొలబద్ద పెట్టడానికి మల్లేశ్వరి సిమెంటు మెట్లెక్కాల్సి వచ్చింది.

ఆ మెట్లు ఎవరు కట్టారని అడిగింది. సత్తెమ్మ ఎదురింటి వైపు చెయ్యి చూపింది. అది ఇళ్ళెత్తే మేస్త్రి పెద్దిరాజు ఇల్లు.

పెద్దిరాజు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. లాకుల ఇంటిని చూపిస్తే అతని మొహం వెలిగింది.

“ఆయ్, మేమే ఎత్తామండి. వరదొచ్చినప్పుడల్లా లోపల మిషన్లు తడిసిపోతన్నాయని ఆర్డరొచ్చింది. పునాది కింద జాకీలు పెట్టి ఇల్లు ఇల్లంతా నడుమెత్తు లేపాం. గవర్నమెంటు రాయుంది, జాగర్తని మావోళ్ళకి మరీ మరీ చెప్పానండి. ఒక్క పెచ్చు ఊడలేదు, సూడండి.”

“రాయిని కూడా ఎత్తేశారా?”

“మరి దాన్నొక్కదాన్నీ బురదలో ఒదిలేత్తామా అండి?”

మల్లేశ్వరికి అప్పుడు లెక్క అందింది. రాయి కదలలేదనుకుని దాని మీద నుంచి కిందికి కొలిస్తే, రాయి ఎంత లేచిందో నేల అంత దిగినట్టు వస్తుంది. ఊరు మునగలేదు. రాయి లేచింది. అదే ముక్క మట్టకానికి చెప్పింది.

“రాళ్ళు కదలవు,” అంది మట్టకం. “దిగువ రాళ్ళతో పోల్చి చూశాం. రాయికీ రాయికీ మధ్య తేడా మారలేదు.”

పెద్దిరాజు నవ్వాడు. “ఎలా మారుద్దండి? కాలువ పొడుగునా లాకుల ఇళ్ళన్నీ మేమే లేపాం. అన్నీ నడుమెత్తే. పని ఒక్క తీరుగా లేపోతే ఇంజినీరుగారు ఊరుకోరు కదండీ.”

మల్లేశ్వరి తన బొటనవేలు చూసుకుంది. దిగువ ఊళ్ళన్నీ ఆమె వేలిముద్రతోనే ఖాళీ అయ్యాయి. అక్కడివాళ్ళు ఏడాదిగా ఎగువన రేకుల షెడ్లలో ఉంటున్నారు.

సూపరింటెండెంటు దివాకరం గారికి ఫోన్ చేసింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. రాయి కదిలిందని రాసుకోవడానికి మట్టకంలో గడి లేదన్నాడు. రాళ్ళ పరిషత్తుకు అర్జీ పెట్టుకోవచ్చు గానీ అది వానలు వెలిశాక గాని కూర్చోదన్నాడు. అప్పటిదాకా మంచినీళ్ళు ఆపకుండా ఉంచమంటే, సముద్రానికి నీళ్ళివ్వడం ఆడిట్‌లో పడుతుందన్నాడు. చివరికి, ఎత్తినవాళ్ళనే మళ్ళీ దింపెయ్యమని చెప్పమన్నాడు.

పెద్దిరాజు అది విని గడ్డం గీరుకున్నాడు. “దింపుతామండి. ఎక్కడ ఆపాలో గుర్తుండాలి కదా. మేం పెట్టుకున్న గుర్తు ఈ రాయే, అదీ ఇంటితోపాటే లేచిపోయింది.”

సత్తెమ్మ ఐసు పెట్టెకు మూత పెట్టింది. కుళాయి ధార అప్పటికే సన్నబడింది.

“ధ్రువీకరణ పెండింగులో ఉంది,” అంది మట్టకం. “తల్లిరాయి స్థితి చెప్పండి. ఉందా, ధ్వంసమైందా?”

తుపాన్ల కోసం రాసిన నిబంధన ఒకటి మల్లేశ్వరికి తెలుసు. తల్లిరాయి ధ్వంసమైతే దాని మీద ఆధారపడ్డ ఎత్తులన్నీ రద్దు. ఎత్తు నమోదు లేని ఊరును నీటిపట్టీలో ఉంచకూడదు, ఒకవేళ ఉంటే నేలపట్టీకి తిప్పాలి. ఎత్తురాయిని పాడుచేసినవాళ్ళకు ఏ శిక్ష పడుతుందో కూడా ఆమెకు తెలుసు. ఉద్యోగంలో చేరిన రోజు ఆ పేరానే పైకి చదివి ప్రమాణం చేయించారు.

“పెద్దిరాజు గారూ, మీ సుత్తి ఒకసారి ఇవ్వండి.”

అతను ఇంట్లోకి వెళ్ళి తెచ్చి ఇచ్చాడు. ఆమె రాతి అంచు మీదికి సుత్తి ఎత్తేసరికి మాత్రం అడ్డం వచ్చాడు.

“అంత జాగర్తగా ఎత్తామండి,” అన్నాడు, దాదాపు బతిమాలుతున్నట్టు.

“అదేనండీ వచ్చిన బాధ. కాస్త పక్కకు జరగండి.”

మొదటి దెబ్బకు నిప్పురవ్వలే లేచాయి. ఆమె చేతులు తిమ్మిరెక్కాయి. ఇంకో దెబ్బకు అంచు చిట్లింది. తర్వాత ఆమె లెక్కపెట్టలేదు. దొరలు చెక్కిన గీత, బాణం గుర్తు ముక్కలై మెట్ల మీద పడ్డాయి. పెద్దిరాజు వంగి ఒక్కో ముక్కా తువ్వాల్లోకి ఏరుకున్నాడు.

“ధ్వంసమైంది,” అని మల్లేశ్వరి పరికరానికి చెప్పింది. మట్టకం పేర్లు చదవడం మొదలుపెట్టింది. ఉప్పలమెరక, ఎత్తు తెలియదు, నేలపట్టీ. రేవుగుల్ల, ఎత్తు తెలియదు, నేలపట్టీ. ఖాళీ అయిన దిగువ ఊళ్ళన్నీ వరసగా వచ్చాయి. అక్కడితో ఆగలేదు. ఈ రాయి నుంచి ఎత్తు తెచ్చుకున్న పక్క కాలువలూ, ఆ కాలువల నుంచి తెచ్చుకున్న పట్నాలూ మొదలయ్యాయి. అందులో మట్టాల శాఖ ఆఫీసున్న వీధి కూడా ఉంది.

ఫోన్ మోగింది. దివాకరం గారి గొంతులో కోపం కంటే అయోమయమే ఎక్కువగా ఉంది.

“ఏం చేశావమ్మా? సముద్రం ఎక్కడిదాకా ఉందో తెలియడం లేదంటోంది మట్టకం. పైనుంచి అందరూ నన్నే అడుగుతున్నారు. ఏం చెప్పను?”

మల్లేశ్వరి సుత్తి కింద పెట్టింది.

“వచ్చి చూడమనండి సార్.”