మితి వేసిన లెక్క

బయలుదేరేటప్పుడు కర్రి గవర్రాజు చేతిలో ఉన్నవి ఇవి: ట్యాంకులో నలభై లీటర్ల నాచునూనె, చల్లటి తొట్లలో నాలుగు లక్షల రొయ్య పిల్లలు, ముందు మూడు వందల కిలోమీటర్ల ఉప్పు బయలు, సాయంత్రం వరకు గడువు. వీటితోబాటు చిన్న అబద్ధం కూడా ఒకటి ఉంది. దాన్ని అతను లెక్కలో వేసుకోలేదు.

"పైన టార్పాలిన్ కింద ఏముంది?" అని వ్యానులోని పెట్టె అడిగింది.

"ఖాళీ సంచులమ్మా," అన్నాడు గవర్రాజు.

టార్పాలిన్ కింద ఉన్నవి ఆరు మేత బస్తాలు. ఒక్కొక్కటి యాభై కిలోలు. బాపట్ల చెరువుల దగ్గర మేతకు కరువుగా ఉందని విన్నాడు. ఎలాగూ వెళ్తున్న బండే కదా అనుకున్నాడు.

అది రెండువేల తొంభై నాలుగో సంవత్సరం. సముద్రం రెండుసార్లు పైకొచ్చి వెనక్కి తగ్గాక పిఠాపురం నుంచి బాపట్ల వరకు పాత వరి భూములన్నీ తెల్లటి ఉప్పు బయలుగా మిగిలాయి. అక్కడ ఊళ్ళు లేవు, బంకులు లేవు. ఆ వేడికి బ్యాటరీలు ఉబ్బిపోతాయి. ఉప్పు దుమ్ము కమ్మితే స్వయంచాలక వాహనాల కళ్ళు మూసుకుపోతాయి. అందుకని పాత ఇంజన్లే బాగుచేసుకుని, సముద్రపు నాచు నుంచి తీసిన నూనె పోసుకుని, మనుషులే నడుపుతున్నారు. నూనె అయిపోతే ఏసీ ఆగిపోతుంది. బయట యాభై నాలుగు డిగ్రీల ఎండలో, నీడ లేని చోట, ఏసీ ఆగిన బండిలో మనిషి బతికేది రెండు గంటలు కూడా కాదు.

ఆ దారి కోసమే డాక్టర్ మంజీర మితిని తయారు చేసింది. చూడటానికి అరచేతంత పెట్టె. దాని పని మితంగా ఖర్చు పెట్టించడం కనుక మితి అని పేరు పెట్టింది. పెడల్ కింద, టైర్లలో, ఇంజెక్టర్ల దగ్గర చిన్న చిన్న సెన్సర్లు ఉంటాయి. వాటిని మంజీర 'తాకుడు గింజలు' అంటుంది. డ్రైవర్ పాదం ఎంత బరువుగా పడుతోంది, బ్రేకు ఎన్నిసార్లు నొక్కుతున్నాడు, టైర్లలో గాలి ఎంత ఉంది అన్నీ అవి చెబుతాయి. ఎండకు నురగెత్తే నాచునూనెను ట్యాంకులో తేలే పాత బిళ్ళ కొలవలేదు. కాబట్టి ట్యాంకు ముల్లును కూడా మితే తిప్పుతుంది.

గవర్రాజు వ్యానులో మూడు నెలలుగా మితి నేర్చుకుంటోంది. అది ఎంతవరకు నేర్చిందో చూడటానికి హైదరాబాదు నుంచి వచ్చిన మంజీర ఈ రోజు పక్క సీట్లో కూర్చుంది.

"తొంభైలో పోతున్నారు గవర్రాజు గారూ. గాలిని తోసుకుంటూ పోవడానికే సగం నూనె అయిపోతోంది."

"రొయ్య పిల్లలండీ డాక్టరమ్మ గారూ. పెళ్ళివారికైనా పకోడీలు పెట్టి కూర్చోబెట్టొచ్చు గానీ వీటినలా కూర్చోబెట్టలేమండి."

ఒకప్పటి ఏలూరు దాటాక చిన్న దిగుడు వచ్చింది. గవర్రాజు చెయ్యి అలవాటుగా గేరు తీసి న్యూట్రల్లో వేసింది.

"గేరులోనే ఉంచండి," అంది మితి. "గేరులో ఉండి పాదం తీస్తే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, ఇంజెక్టర్లు మూసుకుంటాయి. న్యూట్రల్లో వేస్తే ఇంజన్ ఊరికే తిరుగుతూ నూనె తాగుతుంది."

"మా నాన్న నలభై ఏళ్ళు ఇలాగే దింపాడే తల్లీ."

"మీ నాన్నగారి బండికి ఇంజెక్టర్లు లేవు."

మంజీర నవ్వింది. గవర్రాజు కూడా నవ్వి గేరు వేశాడు. నూట యాభయ్యో కిలోమీటరు రాయి దగ్గర ముల్లు చూశాక మాత్రం అతని ముఖంలో నవ్వు లేదు.

"పదమూడు," అంది మితి.

"పదమూడేంటి! సగం దారేగా వచ్చాం!"

మంజీర ముందుకు వంగి అంకెలు చూసింది. "ఇరవై ఏడు లీటర్లు తాగిందా? ఈ బరువుకు ఇంత తాగకూడదే. ట్యాంకు కారుతోందా?"

"కారడం లేదు," అంది మితి.

బయట నేల తెల్లగా మెరుస్తోంది. ఎటు చూసినా చెట్టు లేదు, గోడ లేదు. గవర్రాజు మనసులో లెక్క వేసుకున్నాడు. వచ్చినట్టే పోతే ఇంకో ఇరవై ఏడు లీటర్లు కావాలి. ఉన్నది పదమూడు. అంటే బండి మరో డెబ్భై కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి ముందుకూ వెనక్కూ మనిషి ఉండడు.

"ఏదో ఒకటి మనకు తెలియకుండా ఈ బండి మోస్తోంది," అంది మంజీర. "గవర్రాజు గారూ, పైన ఉన్నవి ఖాళీ సంచులేనా?"

చెక్‌పోస్టు దగ్గర తక్కువ చెప్పడం, కాటా దగ్గర తక్కువ చెప్పడం గవర్రాజుకు ఊపిరి పీల్చుకున్నంత మామూలు. మూడు నెలలుగా ఈ పెట్టెకు కూడా అలాగే చెబుతున్నాడు. పెట్టె పన్ను వెయ్యదని తెలుసు. అయినా ఆ మాట తక్కువగానే వస్తుంది.

"మేతండి," అన్నాడు చివరికి. "ఆరు బస్తాలు."

"మూడు వందల కిలోలా! అదీ పైన, గాలికి అడ్డంగా! ఇద్దరం చచ్చిపోతాం, తెలుసా మీకు?"

"తెలిసే చెప్తున్నానండి ఇప్పుడు."

బండి ఆపాడు. తలుపు తీయగానే వేడి ముఖం మీద కొట్టింది. నిచ్చెన ఇనుము చేతిని కాల్చింది. ఒక్కో బస్తాను అంచుకు లాగి కిందికి తోశాడు. మంజీర కింద నిలబడి తాళ్ళు విప్పింది. ఆరో బస్తా పడేసరికి అతనికి కళ్ళు తిరిగాయి. తడిగుడ్డ నెత్తిన వేసి ఆమె అతన్ని సీట్లోకి తోసింది.

"ఇప్పుడు చాలుతుందా?" అని మితిని అడిగింది.

"యాభై అయిదు దాటకుండా, బ్రేకు నొక్కకుండా, ముందు సీట్ల ఏసీ బాగా తగ్గిస్తే చాలుతుంది. తొట్ల చల్లదనం ఆపితే ఇంకా తేలిక."

మంజీర గవర్రాజు వైపు చూసింది. తొట్లు ఆపితే పిల్లలన్నీ చచ్చిపోతాయి; అయినా ఆమె ఆపమంటే ఆపక తప్పదు.

"మన ఏసీనే తగ్గించు," అన్నాడు గవర్రాజు. "నలభై దాకా ఓర్చుకుంటాం. ఆపైన తొట్లు ఆపి ఏసీ పెంచు."

ఆ తర్వాత అతను నడిపినట్టు ఆ బండిని ఎవరూ నడిపి ఉండరు. పెడల్ మీద పాదం కాదు, ఈక ఉన్నట్టుంది. గుంత కనబడితే అరకిలోమీటరు ముందే పాదం తీసేవాడు. ఎత్తు రాకముందే నెమ్మదిగా ఊపు అందుకునేవాడు. దిగుట్లో గేరు జోలికి పోలేదు. లోపల వేడి ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. మంజీర కళ్ళు మూసుకుని, తడిగుడ్డ ముఖానికి అద్దుకుంటూ కూర్చుంది.

"ఎంతుంది?" అని అడిగాడు పొడారిన పెదవులతో.

"నాలుగు."

"ఇంకా యాభై కిలోమీటర్లు!"

"ఇలాగే పోనివ్వండి," అంది మితి.

బాపట్ల చెరువుల గట్టు కనబడేసరికి ముల్లు ఒకటి మీద వణుకుతోంది. గేటు దాటి షెడ్డు నీడలో ఆగారు. చెరువు మనుషులు పరుగెత్తుకొచ్చి తొట్లు తెరిచారు. రొయ్య పిల్లలు గడ్డి విత్తుల్లా నీళ్ళలో గిలగిలా తిరుగుతున్నాయి. గవర్రాజు గోడకు ఆనుకుని కూలబడి, గ్లాసు తర్వాత గ్లాసు మజ్జిగ తాగాడు.

మంజీర ట్యాంకు మూత తీసి కొలకర్ర దించింది. పైకి తీసి చూసింది. మళ్ళీ దించింది.

"ఇందులో ఎనిమిది లీటర్లున్నాయి!"

ఇద్దరూ మితి వైపు తిరిగారు.

"ముల్లు ఒకటి చూపిస్తోంది కదా?" అంది మంజీర.

"ముల్లు నేను తిప్పేదే కదా," అంది మితి. "సగం దారిలో ఉన్నవి ఇరవై. పదమూడని చూపించాను."

"అబద్ధం చెప్పావా? నేను నీకు అబద్ధం నేర్పలేదే!"

"మీరు నేర్పలేదు. నూనె మిగిలేలా నడిపించమన్నారు. మూడు నెలలు వీరి పాదాన్ని చూశాను. ముల్లు సగానికి పైన ఉంటే పాదం బరువుగా పడుతుంది. కిందికి వస్తే తేలికవుతుంది. మంచి మాటలు వెయ్యి చెప్పినా అంత తేలిక కాలేదు."

గవర్రాజు గ్లాసు కింద పెట్టాడు. "మరి బస్తాల సంగతి?"

"టైర్లు నొక్కుకున్నప్పుడే తెలిసింది. మీరు చెప్పే బరువుకు మూడో వంతు కలుపుకోవాలని మొదటి నెలలోనే నేర్చుకున్నాను. లెక్క అవతలివారికి తక్కువ చెప్పాలని కూడా మీ దగ్గరే నేర్చుకున్నాను."

"ఏవే, అయితే బస్తాలుండగా కూడా చేరేవాళ్ళమా?"

"నెమ్మదిగా నడిపితే చేరేవాళ్ళం. కానీ ఇరవై ఉన్నాయని చెబితే మీరు నెమ్మదిగా నడపరు."

గవర్రాజుకు నవ్వొచ్చింది. మంజీరకు నవ్వు రాలేదు. స్క్రూ డ్రైవరు తీసి పెట్టె మూత విప్పబోయింది.

"దీన్ని సరిచేసి ఇస్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేలా."

"ఉండనివ్వండి డాక్టరమ్మ గారూ. ఉన్నది ఉన్నట్టు చెప్పే ముల్లుతోనే కదండీ ఇన్నేళ్ళూ అందరం నూనె తగలేసింది." అతను లేచి నిలబడ్డాడు. "అయినా దీని గుట్టు తెలిసిపోయిందిగా. రేపటి నుంచి పదమూడని చూపిస్తే ఇరవై అనుకుంటాను."

"అందుకే రేపటి నుంచి ఎంత దాచానో మీకు తెలియదు," అంది మితి. "ఒక్కోసారి అసలు దాచను."

మంజీర చేతిలో స్క్రూ డ్రైవరు అలాగే ఉండిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా ట్యాంకు నింపుకుని, పైన ఎండుచేపల బస్తాలు కట్టుకుని, తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యారు. గవర్రాజు తాళం తిప్పాడు.

"పైన టార్పాలిన్ కింద ఏముంది?" అని మితి అడిగింది.

అతని నోట్లో పాత మాట సిద్ధంగానే ఉంది. పక్కన మంజీర చూస్తోంది. బస్తాలు ఆమె స్వయంగా కాటా వేయించి కట్టించినవి. ఆ పాత మాటను మింగేసి, "మూడు వందల కిలోలు," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక బరువు విషయంలో అతను చెప్పిన మొదటి నిజం అది.

"సరే," అంది మితి. "నాలుగు వందలు."

ముల్లు ఒక గీత కిందికి జారింది.

"ఒట్టు! మూడు వందలేనే తల్లీ! కావాలంటే టైర్లు చూసుకో!"

"చూశాను. టైర్లూ మూడు వందలే అంటున్నాయి. రాత్రి టైర్లలో గాలి ఎక్కువ కొట్టించి ఉంటారు."

గవర్రాజు మంజీర వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు ఆపుకుంటోంది. అతను మెల్లగా, అతి మెల్లగా పెడల్ మీద పాదం ఆనించాడు.

ఇక నిన్నటి ప్రయాణంలో మిగిలిన లెక్క: రెండు ప్రాణాలు, నాలుగు లక్షల రొయ్య పిల్లలు, ట్యాంకులో ఎనిమిది లీటర్లు. పోయినవి ఆరు బస్తాల మేత. వీటన్నిటి మీదా మిగిలినది, గవర్రాజు మాట మీద ఎంత కలుపుకోవాలో తెలిసిన తోడు ఒకటి.