మొగిలి గొంతు సీడీ

డిటెక్టివ్ ఆఫీసులో జమున తలుపు గడియ పెట్టాకే కూర్చుంది. గని కార్మికుడైన ఆమె భర్త మొగిలి పోయి తొమ్మిది రోజులైంది. అతని నౌకరీ ఇంట్లో ఒకరికి వస్తుంది, మొదటి హక్కు జమునది. సవతి కొడుకు లింగమూర్తి మాత్రం తండ్రి కేసెట్‌లో చెప్పిపోయిన చివరి మాటలను ఇంటి కంప్యూటర్‌లో పది సీడీలు చేసి, గోదావరిఖనిలోని చుట్టాలందరికీ పంచాడు.

"పదకొండోనాడు నన్ను పోలీసులకు అప్పజెప్తరట అక్కా."

డిటెక్టివ్ రాజకుమారి సీడీ పెట్టింది. దగ్గు, ఆయాసం. ఆ గొంతు వెనక దూరంగా గని సైరన్ మొదలైంది. "జమున ఇచ్చిన మందుతోనే నా పానం పోతున్నది." తర్వాత నిశ్శబ్దం.

మొగిలి ఉన్న గని కాలనీలోనే పుట్టి పెరిగిన సహాయకుడు ముజఫర్ తల దించుకున్నాడు. ఇక చేసేదేమీ లేదనిపించింది అతనికి.

మర్నాడు మధ్యాహ్నం లింగమూర్తిని కలిశారు. అసలు కేసెట్ ఏదంటే, తెగితే పారేశానన్నాడు. కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించావని రాజకుమారి అడిగింది.

"టేప్‌రికార్డర్‌కు వైరు పెట్టిన. గంట పడుతది. ఆన్ చేసి చౌరస్తకు పోయిన."

అప్పుడే సైరన్ మోగింది. ఆమె వాచీ చూసుకుంది. బయటికొచ్చాక, ఎంతసేపు మోగిందని ముజఫర్‌ను అడిగింది.

"ఏది మేడమ్?" అన్నాడతను.

పదకొండోనాడు మొగిలి ఇంట్లో అందరూ చేరారు. మొగిలి తల్లి కనకవ్వ జమున పెట్టిన విస్తరి పక్కకు నెట్టింది. "నా కొడుకుకు మందు తాపి సంపినవు, సాలదా?"

రాజకుమారి లేచింది. "ఇక్కడి సైరన్ నిమిషం మోగుతుంది. సీడీలో 'మందుతోనే' దాకా మోగి, మాట మధ్యలో ఆగిపోయింది. అక్కడ కోసి అతికించారు. పుట్టినప్పటి నుంచి వింటున్నవాళ్లు కనుక మీరెవరూ గమనించలేదు, కోసిన లింగమూర్తి కూడా. ఒక్క మాట ఎక్కడానికి గంట పడుతుందా? కేసెట్ పోయినా కంప్యూటర్‌లో మొత్తం ఉంది."

ముజఫర్ ఇంటి కంప్యూటర్‌లో ఆ గంట రికార్డింగు తెరిచి మౌస్ నొక్కాడు.

"జమున ఇచ్చిన మందుతోనే ఇన్నేండ్లు బతికిన." తెరలు తెరలుగా దగ్గు. సైరన్ నిమిషం మోగి ఆగింది. "బొగ్గుదుమ్ముతోని నా పానం పోతున్నది." దగ్గు. చాలాసేపు ఆయాసం. "జమునా, నౌకరి లింగమూర్తికే రాసియ్యి. నిన్ను మంచిగ సూసుకుంటడు. వాడు సిన్నప్పుడు..."

లింగమూర్తి అంతదాకా ఎన్నడూ వినలేదు. తనకు పనికొచ్చే మాట దొరకగానే ఆపేశాడు. ఇప్పుడూ లేచి ఆపబోయాడు.

జమున అడ్డం నిలబడింది.

"కూసో. మీ నాయిన ఇంకా మాట్లాడుతున్నడు."