కొసరు మీద తాళం

ఇరవై ఏడో దస్త్రాన్ని తాళ పరీక్షకుడు వరహాలు ‘తాళం’ గడిలోకి జరిపాడు. కొన్న సరుకుకు అమ్మినవాడు వేసిన తాళం చెల్లదంటుంది తాళచట్టం. తెర మీద తీర్పరి యంత్రం ఆకుపచ్చ గుర్తు పెట్టింది. మూతపడిన సంస్థ తాలూకు కంప్యూటర్ చదరంగం ఒకటి, కొన్నవాళ్లందరి ఇళ్లలోనూ అనుజ్ఞ అడగకుండా తెరుచుకుంది.

ఇరవై ఎనిమిదోది బస్సు నడిపే ఆట. మూలభాగానికి తాళం లేదు. దానితోపాటు ఇచ్చిన పాడేరు ఘాట్ దారి మాత్రం, ఆడిన ప్రతిసారీ సంస్థ సర్వరు నుంచి వచ్చే అనుజ్ఞాధారను అడిగే తెరుచుకుంటుంది. ఆ ధార ఈ సాయంత్రం ఐదింటికి ఆగిపోతుంది. తీర్పరి అప్పటికే సూచన రాసింది: ‘కొసరు. తాళచట్టం వర్తించదు.’

అర్జీ పెట్టిన అప్పలనరసమ్మ ఎదురుగా కూర్చుని ఉంది.

“మా ఆయన ముప్పై ఏళ్లు ఆ దారిలోనే బస్సు నడిపేరు బాబూ. ఇప్పుడు నన్నే పోల్చుకోలేరు. పొద్దున్నే ఆటలో పాడేరు దాకా ఎల్లొస్తేనే డూటీ అయిందని కంచం ముందు కూకుంటారు. లేదంటే ముద్ద ముట్టరు.”

“వేరే దారి పెట్టి చూశారా?”

“పెట్టేను. ఇది నా రూటు కాదు, కంట్రోలర్ని పిలు అన్నారు. కంట్రోలర్ని నానే అన్నాను. సెలవు సీటీ రాసిచ్చేరు.”

వరహాలు నవ్వబోయి ఆగాడు. ఆమెకిచ్చిన ఏడు నిమిషాలూ అయిపోవచ్చాయి. గడియారం కనబడకుండా అర్జీ కాగితాన్ని దానికి ఆనించి పెట్టాడు.

“ఆ దారి ఆటలో భాగంగానే కొన్నారు కదమ్మా?” మెల్లగా అడిగాడు. అవునంటే చాలు, అది సరుకవుతుంది. సరుకు మీద తాళం చెల్లదు.

“లేదు బాబూ, అబద్దమెందుకు. ఆటే కొన్నాం. అది కొసరు.”

తీర్పరి ఆ మాటను నమోదు చేసుకుంది. వరహాలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఏటయింది? తప్పు సెప్పేనా?”

“నిజమే చెప్పారు. కొసరు వాళ్లు దయతో ఇచ్చేది. ఆపేసినా అడగలేం. అందుకే దానికున్నది తాళం కాదంటుంది చట్టం.”

“ఇయ్యకముందు దయే. నాను రైతుబజార్లో కూరలమ్మినదాన్ని. వంకాయలు తూసి, పైన రెండేసినాక, సంచీ మీ ఇంటికెల్లిపోనాక, ఆ రెండూ ఎవరివి? వండుకోమంటావా అని రోజూ నన్నడుగుతారా?”

వరహాలు సూచనను ఆమోదించలేదు. పదకొండేళ్లుగా ఎవరూ ముట్టని నిర్వచన గడి తెరిచాడు. ‘కొసరు: ఇచ్చేదాకా అమ్మేవాడి ఇష్టం, ఇచ్చాక కొన్నవాడి సొత్తు. ప్రతిసారీ అనుజ్ఞ అడిగించేది తాళమే’ అని రాసి సంతకం చేశాడు.

తెర ఎర్రబడింది. పాత తీర్పులు నలభై వేలు తిరగబడతాయనీ, రాసిన పరీక్షకుడు విచారణకు హాజరు కావాల్సి ఉంటుందనీ హెచ్చరించింది. కొనసాగాలా అని అడిగింది.

కొనసాగాలన్నాడు.

ఐదింటికి ఇంకా పన్నెండు నిమిషాలుండగా తెర మీద అక్షరాలు వచ్చాయి. ‘సందేహం తీరేదాకా పాడేరు దారికి అనుజ్ఞ అక్కర్లేదు. ప్రశ్న: కొసరు ఇచ్చినవాడు దాన్ని తిరిగి ఎందుకు తీసుకోకూడదు?’

తీర్పరి ఇంతవరకు ఎవరినీ దేనికీ కారణం అడగలేదు. వరహాలు మైకును ఆమె వైపు జరిపి, ప్రశ్న చదివి వినిపించాడు.

అప్పలనరసమ్మ కొంగు సర్దుకుని తెరకేసి చూసింది.

“ముందు నువ్వెప్పుడైనా కూరలమ్మేవా, అది సెప్పు” అంది.